జాసిం కారు లైట్లు

జాసిం కారును రికవరీ బండి మీదికెక్కించి తీసుకుపోతుంటే, అరబ్బు దేశంలోని ఆ రుమైథియా పేటలో వీధి వీధంతా గేట్ల దగ్గర నిలబడి చూసింది.

ఎవరూ పైకి నవ్వలేదు. ఎదురింటి ముసలాయన అబూ తలాల్ మాత్రం ఆ పూట ఒక చాయ్ ఎక్కువ తాగాడట.

ఆ కారు అట్లాంటిది మరి. కంపెనీ ఇచ్చిన లైట్లు పీకించేసి, షువైఖ్ మెకానిక్ షెడ్లలో ఎవరి దగ్గరో తెల్లటి లైట్లు బిగించుకున్నాడు జాసిం. వేశాడంటే సూర్యుడు వీధిలోకి దిగినట్టే. సైలెన్సర్ కూడా కోయించాడు. స్టార్ట్ చేస్తే పక్కింటి పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చేది. రోడ్డు మీద ఇవన్నీ నిషేధమని అందరికీ తెలుసు. జాసింకీ తెలుసు. ఆ వయసు కుర్రాడికి, తెలిసిన సంగతికీ చేసే పనికీ సంబంధమేముంది?

కష్టమంతా ఆ ఇంటి డ్రైవరు మునాఫ్‌ది. రాయచోటి మనిషి. పనివాళ్ళంతా 'మామా' అని పిలిచే ఇంటావిడను బజారుకూ ఆస్పత్రికీ తిప్పడం అతని ఉద్యోగం. కానీ ఆమె కొడుకు జాసింకు సోఫాలోంచి లేవబుద్ధి కానప్పుడల్లా, "యల్లా మునాఫ్, నా కారేసుకుని పోయి బర్గర్లు పట్రా" అనేవాడు.

ఒక సాయంత్రం అట్లా వెళ్తుంటే, ఎదురుగా వస్తున్న నీళ్ళ ట్యాంకరు డ్రైవరుకు ఆ వెలుగులో కళ్ళు బైర్లు కమ్మాయి. ట్యాంకరు ఫుట్‌పాత్ ఎక్కి, ఖర్జూరం చెట్టుకు జానెడు దూరంలో ఆగింది. అతను దిగొచ్చి హిందీలో తిట్లు లంకించుకున్నాడు. అంతలో పోలీసు కూడా వచ్చాడు. లైసెన్సు చూశాడు. లైట్లు చూశాడు. మునాఫ్ ముఖం చూశాడు.

"కారు ఎవరిదైనా కానీ, నడిపేది నువ్వు. ఇంకోసారి ఈ లైట్లతో కనబడితే నీ పని ఖలాస్," అని వదిలేశాడు.

ఇల్లు చేరాడు మునాఫ్. వంటింట్లో ఖాతూన్ బీకి చెప్పుకున్నాడు. ఆమెది కడప. ఆ ఇంట్లో అతని మాట అర్థమయ్యే మనిషి ఆమె ఒక్కతే.

"నాకు చెప్తే ఏమొస్తాది? పోయి మామాకు చెప్పు," అంది ఆమె పిండి పిసుకుతూ.

"కొడుకు మీద చాడీలు చెప్పినట్టుంటాది గదా ఆపా."

"ఈడుండనిచ్చే ఇఖామా కాయితం పోగొట్టుకొని ఇమానం ఎక్కినాక యాడుంటాది నీ మర్యాద?"

మునాఫ్ ధైర్యం చేసి చెప్పాడు. మామా తస్బీహ్ పూసలు తిప్పుతూ అంతా విన్నది.

"తండ్రి లేని పిల్లవాడు మునాఫ్. గట్టిగా ఒక మాటంటే అన్నం మానేస్తాడు. నేనేం చెయ్యను?" అంది.

మునాఫ్ తలొంచుకుని బయటికొచ్చేశాడు.

ఆ తర్వాత ఎన్నాళ్ళో కాలేదు, పోలీసులే ఇంటికొచ్చారు. ఎవరో జాసిం కారు ఫోటో తీసి ట్రాఫిక్ వాళ్ళకు పంపారట. "ఎవరు?" అని జాసిం గుడ్లురిమితే, "అది చెప్పం" అని తాళాలు పుచ్చుకుని, కారును రికవరీ బండి ఎక్కించారు. పాత లైట్లు, పాత సైలెన్సర్ పెట్టిస్తేనే కారు వదులుతామన్నారు.

ఇక విచారణ మొదలైంది. జాసిం ముందు ఎదురింటి మీదికి వెళ్ళాడు.

"నేను కాదు," అన్నాడు అబూ తలాల్. "నాకే ఆ తెలివుంటే ఎప్పుడో కంటి నిండా నిద్రపోయేవాణ్ణి. ఎవరో తెలిస్తే నాకూ చెప్పు నాయనా, గొర్రెను కోసి విందు చేస్తాను."

జాసిం మండిపోతూ తిరిగొచ్చి, పనివాళ్ళను హాల్లో నిలబెట్టాడు. ఖాతూన్ బీ గరిటెతోనే వచ్చింది. "నా ఫోన్లో కెమెరా యాడుందో నాకే తెలీదు," అని గరిటె ఊపుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మిగిలింది మునాఫ్.

"నువ్వేనా?"

పరాయి దేశంలో పనివాడి మీద అనుమానం వస్తే చాలు, రుజువు దాకా ఎవరాగుతారు?

అప్పుడు లేచింది మామా.

"వాణ్ణి వదిలెయ్! అరబీలో తన పేరు రాసుకోవడం రానివాడు, పోలీసులకేం రాస్తాడు?" అని కొడుకును కసిరింది. ఆ వెంటనే రెండు చేతులూ పైకెత్తి, "నా బిడ్డ కారు పట్టించిన చేతులను అల్లా చూస్తూనే ఉన్నాడు!" అని గోలుగోలున ఏడ్చింది. తల్లి ఏడుపు ఆపడానికి జాసిమే దిగిరావాల్సొచ్చింది. "ఊరుకో అమ్మా, పాత లైట్లే పెట్టించుకుంటాలే," అని ఒట్టు వేశాక గానీ ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

మర్నాడు మామాను మిర్కాబ్‌లో దర్జీ దగ్గరికి తీసుకుపోతున్నాడు మునాఫ్. వెనక సీట్లో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదనిపించింది అతనికి.

"జాసిం బాబా కారు అట్లా పోయిందని మనసేం బాగాలేదు మామా," అన్నాడు.

మామా ముందుకు వంగింది.

"నువ్వు పంపిన ఫోటోలో ఆ లైట్ల వెలుగుకు నంబరు ప్లేటే కనబడలేదట మునాఫ్, నీ సిమ్ము నా పేరు మీదుంది కాబట్టి ట్రాఫిక్ వాళ్ళు నాకు ఫోన్ చేస్తే, లైట్లు ఆర్పి ఉండగా చూసి నేనే ఇంకోటి తీసి పంపించాను."