వట్టం అడగనివాడు

“వట్టం వద్దంటున్నవా?”

ముత్యం తలెత్తి ఆ బక్కమనిషిని ఎగాదిగా చూశాడు.

“వద్దన్నా. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. సర్కారు లెక్క. మార్చినందుకు నాకు పైస గూడ ఇయ్యద్దు.”

వాగు నిండుగా పారుతోంది. అంగళ్ళ మీద బతికే నలుగురైదుగురు ఇవతలి ఒడ్డున కూర్చుని నీళ్ళు తగ్గడం కోసం చూస్తున్నారు. అవతల రెండు కోసులు నడిస్తే తాలూకా ఖజానా.

నిజాం హాలీ నాణేలు పోయి, ఢిల్లీ సర్కారు కల్దార్లు నిలదొక్కుకుంటున్న రోజులవి. ముత్యం ఎద్దు మీద ఉప్పు, మిరపకాయలు వేసుకుని ఉట్నూరు చుట్టుపక్కల గూడేలన్నీ తిరిగి అమ్ముతాడు. గూడేల్లో ఇంకా హాలీయే నడుస్తోంది.

ఈ వానల్లో ఎద్దు చచ్చింది.

మిగిలిన పెట్టుబడంతా భుజాన సంచిలో ఉంది. చారాణాలు, అణాలు, నడుమ బెజ్జమున్న రెండు పైల బిళ్ళలు. అన్నీ హైదరాబాదు టంకశాలలో పుట్టిన చిల్లరే. వెండి రూపాయి చెల్లకపోయినా కంసాలి దగ్గర వెండి ధర పలుకుతుంది. చిల్లరకు మాత్రం సర్కారు మాటే ప్రాణం.

ఖజానాలో మార్చాలి. రేపటి పశువుల అంగట్లో ఎద్దును కొనాలి. ఎద్దు లేకపోతే అంగడి లేదు. అంగడి లేకపోతే పొయ్యిలో నిప్పు లేదు.

పక్కనున్న గాజుల కమలవ్వ కొంగుముడి విప్పింది.

“నాయి మార్వు కొడుకా.”

బక్కమనిషి లెక్కగట్టి కల్దార్లు ఇచ్చాడు. ఆమె ఒక్కొక్కటీ బండ మీద వేసి మోగించింది. ఖణేలుమన్నాయి.

“ముత్యం, అసలయే రా!”

“అసలయే ఉంటయవ్వా. చాపకు పెట్టే ఎర గూడ అసలుదే.”

ఒడ్డు మీదున్నవాళ్ళు నవ్వారు. బక్కమనిషి నవ్వలేదు. గొంగడి కప్పుకుని వణుకుతున్నాడు.

“ఖజానకు పోకన్నా. గడువు దాటిపోయింది. తీసుకోరు.”

“గట్లనా? గడువు దాటితే గీ సచ్చిన బిళ్ళలు నీకెందుకు? నీ పెండ్లాం మెడల దండ గుచ్చుతవా?”

అతను గొంగడి మెడ దాకా లాక్కున్నాడు.

“గడువు దాటితే దండోర ఎయ్యరా? మా అడివి ఊళ్ళె డప్పు సప్పుడే ఇనరాలే. ఎవనికి చెప్తున్నవ్?”

ఆ మాటకు అతని తల వాలిపోయింది. దగ్గు తెర వచ్చి పోయాక రెండు చేతులూ జోడించాడు.

“నీకు దండం పెడుత అన్నా. నా తాన ఇంక కొన్నే ఉన్నయ్. అయిపోకముందే తీసుకో.”

అంతటితో ముత్యం లెక్క తేలిపోయింది. పుచ్చుకునేవాడు బతిమాలుతాడు గానీ, ఇచ్చేవాడు బతిమాలడం ఎక్కడైనా ఉందా? వట్టం అడిగినవాణ్ణి తిట్టవచ్చు, బేరమాడవచ్చు, చివరికి నమ్మవచ్చు. అడగనివాడి కన్ను సంచి మీదనే.

“జరుగు! సంచి మీద చెయ్యి పడితే వాగుల నూకుత.”

నీళ్ళు నడుముల దాకా తగ్గగానే సంచి నెత్తిన పెట్టుకుని దిగాడు.

ఖజానా కిటికీలో గుమాస్తా చిల్లరను చూసి తల అడ్డంగా ఊపాడు.

“పోయిన నెలలనే బందయింది. వచ్చిన మూటలన్ని కరగబోసెతందుకు టంకశాలకు పోయినయ్.”

ముత్యం కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

“మాకెవ్వలు చెప్పలే దొరా! నా ఎద్దు సచ్చింది. ఇంట్ల పిల్లలున్నరు.”

“నేనేం చేస్త?”

“వట్టం పట్టుకోండ్రి దొరా. రూపాయికి చారాణ పట్టుకోండ్రి.”

గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు.

“ఆఠాణ పట్టుకోండ్రి. బారాణ పట్టుకోండ్రి. మీ కాల్మొక్త!”

“సచ్చినదానికి వట్టమేందయ్యా?”

కిటికీ మూసుకుంది.

చెల్లని సంచి బరువు తగ్గలేదు. దాన్ని మోసుకుంటూ వచ్చిన దారినే పరుగెత్తాడు. బక్కవాడు చెప్పింది నిజమే. ఎందుకు కొంటున్నాడో తనకనవసరం. ఎద్దుకు సరిపడా ఇస్తే చాలు, సగమిచ్చినా చాలు, దూడ ధర ఇచ్చినా కాళ్ళకు మొక్కుతాడు.

వాగు దాటేసరికి పొద్దు వాలుతోంది. కమలవ్వ గాజులు గంపలో సర్దుకుంటోంది. బండ పక్కన ఇంకెవరూ లేరు.

“అవ్వా, ఆయనేడి?”

“అడివి దిక్కు పోయిండు. నువ్వటు పోంగనే గూడెపోళ్ళు శానమంది వచ్చిరి. ఉన్నయన్ని వాళ్ళకిచ్చి, సంచి దులిపి సూపెట్టిండు. అందుల ఒక్క కల్దారు లేదు.”

“మరి మార్చిన బిళ్ళలు?”

కమలవ్వ వాగు వైపు చెయ్యి చూపింది. ఒడ్డు వారగా తేటనీళ్ళలో చార్మినారు బొమ్మల చారాణాలు, బెజ్జం పైలు గులకరాళ్ళతో కలిసి మెరుస్తున్నాయి.

ముత్యం భుజం మీది సంచి దానంతటదే కిందికి జారింది.

“నీ కోసం శానసేపు ఆవలి ఒడ్డు దిక్కు సూసిండురా. నీ పాలు అని కొన్ని పక్కకు పెట్టిండు గూడ. పసిపిల్లనెత్తుకొని ఒకామె వచ్చి ఏడిస్తె, ఇగ అవి గూడ ఇచ్చిండు.”

“ఎవడవ్వా ఆయన?”

కమలవ్వ గంప ఎత్తుకోబోయి ఆగింది.

“మన ఊళ్ళకు గడువు దండోర ఎయ్యవలసినోడు ఆయనే బిడ్డా, జరమొచ్చి వాగు దాటలేకపోయిండట, అందుకే ఉన్న జోడెడ్లు అమ్ముకొచ్చి ఇచ్చిపోయిండు.”