పరీక్షకు పెట్టిన పళ్ళు

డ్రాయింగ్ టీచరు “అయ్యో సార్, అది...” అనేలోపే తనిఖీకి వచ్చిన అధికారి అరటిపండు తొక్క ఒలిచేశాడు.

ఏడో తరగతి మొత్తం పెన్సిళ్ళు ఆపి గుడ్లప్పగించి చూసింది. పొద్దున బడికి రాగానే టీచరు గది మధ్యలో టేబుల్ వేయించి, దాని మీద నీలం గుడ్డ పరిచి, ఒక్కో మడతా ఓపిగ్గా తీర్చింది. గాజు జగ్గులో సగం దాకా నీళ్ళు పోసి, పక్కన ఒక ఆపిలూ రెండు అరటిపళ్ళూ పెట్టింది. ఎదురుగా ఉన్నవాటిని చూసి, చూసినట్టు గీయడం ఆవేళ పిల్లలకు పరీక్ష. టేబుల్ మీద ఏది ముట్టుకున్నా చెవులు మెలేస్తానని ముందే చెప్పింది. పిల్లలకైతే చెప్పింది గానీ, ఈ మహానుభావుడికి చెప్పేదెవరు?

“కూర్చోండి సార్, ఇలా కూర్చోండి,” అంటూ హెడ్మాస్టరు కుర్చీని టేబుల్ దగ్గరికి లాగాడు. “మీరొస్తున్నారని మా డ్రాయింగ్ టీచరు ఎంత ముచ్చటగా సర్ది పెట్టిందో చూశారా?”

“సార్, అవి పరీక్ష కోసం...”

“మొహమాటపడకమ్మా, సార్ అవన్నీ పట్టించుకోరులే,” అని హెడ్మాస్టరు పైకి నవ్వుతూనే కళ్ళురిమాడు.

ఆ చూపుకు అర్థం ఆమెకు తెలుసు. బడిలో డ్రాయింగ్ టీచరు పోస్టు ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఈ అధికారి రాయబోయే నాలుగు ముక్కల మీదే ఉంది. ఉంచితే ఆమెకు ఉద్యోగం ఉన్నట్టు, ఎత్తేస్తే ఊడినట్టు. పక్కకు జరిగి నిలబడింది.

మొదటి అరటిపండు రెండు కొరుకుల్లో అయిపోయింది. అధికారి తొక్కను మడతల మధ్యలో పడేసి రెండోది అందుకున్నాడు.

“అసలీ బొమ్మలు నేర్పడం దేనికండీ? లెక్కలొస్తే ఉద్యోగం వస్తుంది. ఇంగ్లీషొస్తే ఉద్యోగం వస్తుంది. బొమ్మలు గీస్తే కడుపు నిండుతుందా, మీరే చెప్పండి?”

“నిండదు సార్,” అన్నాడు హెడ్మాస్టరు చేతులు కట్టుకుని.

ఆ గదిలో బొమ్మల పుణ్యమా అని కడుపు నిండుతున్నది ఆ అధికారి ఒక్కడికే. ఆ సంగతి ఆయనకు తప్ప ఏడో తరగతి అంతటికీ తెలుసు.

మొదటి బెంచీ అమ్మాయి మహా పద్ధతైన పిల్ల. మెల్లగా లేచి టీచరు చెవి దగ్గర నోరు పెట్టింది. “టీచర్, రెండో అరటిపండు కూడా చెరిపెయ్యమంటారా?”

అప్పటికే వెనక బెంచీల్లో రబ్బర్లు జోరుగా పనిచేస్తున్నాయి. ఆయన ఆపిల్‌ని కొరికిన చోటల్లా వీళ్ళు కాగితం మీద చెరుపుతున్నారు. ఆయన జగ్గెత్తి గటగటా తాగేసరికి, నీళ్ళ గీత ఎక్కడ వెయ్యాలో తెలియక ఒకడు ఏడుపు మొహం పెట్టాడు. చివరికి ఆయన ఆ నీలం గుడ్డతోనే మూతి తుడుచుకుని, దాన్ని ఉండచుట్టి టేబుల్ మీద పారేశాడు.

టీచరుకు ఒళ్ళు మండిపోయింది. తినేది ఏమిటో, తుడుచుకునేది ఏమిటో చూసుకోలేని మనిషి, పిల్లలకు చూడటం నేర్పాలా వద్దా అని తేలుస్తాడట! అయినా ఏం చేస్తుంది? బెంచీల మధ్య తిరుగుతున్నట్టు నటిస్తూ గొంతు తగ్గించింది.

“ఎవరూ ఏమీ చెరపొద్దు. ఇందాక ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి. అలాగే గీయండి. నా ఉద్యోగం మీ చేతుల్లో ఉందిరా.”

పిల్లలు తలలు వంచారు. ఏడాదంతా ఆమె గొంతు చించుకున్నా రాని శ్రద్ధ అప్పుడొచ్చింది వాళ్ళకి. ఆపిల్ గీయమంటే గుమ్మడికాయ గీసే శాల్తీలు కూడా నీడతో సహా ఆపిల్‌నే గీశారు. జగ్గులో నీళ్ళు సరిగ్గా సగం దగ్గర నిలిచాయి. గుడ్డ మడతలు పొద్దున ఆమె తీర్చినట్టే కాగితాల మీద లేచాయి. చూస్తుంటే ఆమె కళ్ళు చెమర్చాయి. ఈ పిల్లల్ని వదిలి వెళ్ళే పని లేదని మొదటిసారి అనిపించింది.

“ఏవీ, ఇటు తెండి,” అని అధికారి కాగితాలు తిరగేశాడు. “అబ్బో, బాగానే గీశారే! ఆపిల్ అచ్చం ఆపిల్‌లాగే ఉంది.”

హెడ్మాస్టరు మొహం చాటంతయింది.

“ఇంతకీ ఏం గీయమన్నావమ్మా వీళ్ళని?” అన్నాడు అధికారి టీచరు వైపు తిరిగి.

టీచరు ఒక్క క్షణం తటపటాయించింది. చెబితే ఆయనకే తెలిసొస్తుంది. తెలిసొస్తే సిగ్గుపడతాడు. సిగ్గుపడిన మనిషి కాస్త మంచిగానే రాస్తాడు కదా అనుకుంది.

“టేబుల్ మీద ఏముందో అది చూసి, చూసినట్టు గీయమన్నాను సార్.”

అధికారి కాగితాల వంక చూశాడు. టేబుల్ వంక చూశాడు. రెండు తొక్కలు, ఆపిల్‌లో మిగిలిన గింజల ముక్క, అడుగంటిన జగ్గు, ఉండచుట్టిన గుడ్డ. మళ్ళీ కాగితాల వంక చూశాడు. మొహం జేవురించింది. హమ్మయ్య, ఇప్పటికి వెలిగిందనుకుంది టీచరు.

ఆయన జేబులోంచి కలం తీశాడు.

“టేబుల్ మీదున్నవి తొక్కలు, వీళ్ళు గీసినవి పళ్ళు! ఏ పుస్తకంలోంచో నా కళ్ళెదుటే ఇంత కాపీ కొట్టిస్తుందా? ఈ పోస్టు ఎత్తేస్తున్నాను హెడ్మాస్టరుగారూ.”