అక్షరదోషాల సవరణ

"నేను కలపను" అన్నాడు మేస్త్రీ, కీబోర్డు అవతలికి నెట్టేస్తూ.

"ఆ మార్పులో తప్పేముందన్నయ్యా?" ఎదుటి బల్ల దగ్గర నుంచి చెల్లెలు అడిగింది.

"ఏమీ లేదు. అదే నా అనుమానం."

ఆసుపత్రుల్లో డ్రిప్ నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో లెక్క చెప్పే ప్రోగ్రామ్ వాళ్లది. రోగి బరువు, మందు మోతాదు కొడితే చాలు, అంకె వచ్చేస్తుంది. దాని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, ఊరికే వాడుకోవచ్చు, సరిదిద్ది పంపొచ్చు. కాకపోతే పంపిన ప్రతి మార్పూ అన్నాచెల్లెళ్లిద్దరూ చూసి సరే అన్నాకే అసలు కోడ్‌లో కలుస్తుంది. ఇటుక ఇటుకా తట్టి చూసి గానీ గోడలో పెట్టనివ్వడు గనకే అతన్ని అందరూ మేస్త్రీ అంటారు. నియమాలు రాసిందీ అతనే. ఒక మార్పులో ఒక పనే ఉండాలి. ఆ పని ఎందుకు చేశారో లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, ఉన్నదున్నట్టు రాయాలి. లాగ్‌కెక్కినదాన్ని ఎవరూ చెరపకూడదు.

వానపాము అనే మారుపేరుతో ఎవరో ఎనిమిది నెలలుగా మార్పులు పంపుతున్నారు. ఇప్పటికి నలభై ఒకటి. ఒక్కదాన్నీ తిప్పి పంపాల్సిన అవసరం రాలేదు.

"కొత్తవాళ్లు నియమాలు చదవగా ఎప్పుడైనా చూశావా?" అన్నాడు మేస్త్రీ. "మూడుసార్లు మొట్టికాయ వేస్తే గానీ దారికి రారు. వీడు మొదటి రోజు నుంచీ బట్టీ పట్టినట్టు పంపుతున్నాడు."

"సరిగ్గా చేస్తే అనుమానం, చేయకపోతే చిరాకు. నీతో ఎలా వేగాలి?"

"నవ్వకు. ముందు మంచివాడనిపించుకుంటారు. తాళాలు చేతికొచ్చాక ఎక్కడో ఒక దొంగ లైన్ దూర్చేస్తారు. ఇవాళ ఏం పంపాడో చూడు, పది కిలోల లోపు పిల్లల లెక్క సరిగ్గా వస్తోందో లేదో చూసే పరీక్ష. సరిగ్గానే వస్తున్నదానికి పరీక్షెందుకు?"

"మంచిదేగా?"

మేస్త్రీ తమ సర్వర్‌లో ఎవరు ఏ పేజీ తెరిచారో తీసి చూడసాగాడు. వానపాము కొత్త కోడ్ జోలికి పెద్దగా పోలేదు. పాత మార్పుల్ని ఒక్కొక్కటే తవ్వుకుంటూ వెనక్కి వెళ్లినట్టుంది. మూడేళ్ల కిందటి మార్పు ఒకదాన్ని మాత్రం పందొమ్మిదిసార్లు తెరిచారు.

అది ఏ మార్పో చూశాడు మేస్త్రీ. గబుక్కున ఆ పేజీ మూసేశాడు.

"ఏమైంది?" అంది చెల్లెలు.

"ఏం లేదు. కాసిని మంచినీళ్లివ్వు."

ఆమె గ్లాసు తెచ్చేలోగా వానపాముకి సందేశం పెట్టాడు. 'మీతో మాట్లాడాలి. ఇప్పుడే.' నిమిషం తిరక్కుండానే కాల్ వచ్చింది. అతను హెడ్‌ఫోన్ అందుకోబోతుంటే చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది.

"స్పీకర్ పెట్టు. ఇద్దరి కళ్లూ చూడాలన్నావుగా, ఇద్దరి చెవులూ విననీ."

అవతల ఆడగొంతు. "నమస్కారం సార్."

మేస్త్రీ ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే గొంతు పెంచాడు. "ఎవరండీ మీరు? ఏ కంపెనీ పంపింది మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు సార్."

"మరి పాతవన్నీ ఎందుకు తవ్వుతున్నారు? ఏం కావాలి మీకు?"

"లాగ్‌లో ఒక్క వాక్యం."

"ఏం వాక్యం?"

"మూడేళ్ల కిందట మీరు వదిలిన వెర్షన్‌లో పసిపిల్లల లెక్క దగ్గర పాయింట్ ఎగిరిపోయింది. నాలుగున్నర చుక్కలు చూపించాల్సింది నలభై ఐదు చూపించింది. నాలుగు రోజులు అలాగే ఉంది. ఐదో రోజు మీరే సరిచేశారు. కానీ లాగ్‌లో 'అక్షరదోషాల సవరణ' అని రాశారు."

చెల్లెలు కుర్చీ పూర్తిగా అతనివైపు తిప్పింది.

"అన్నయ్యా, ఆ మార్పు నాకు గుర్తుంది. ఉత్త అక్షరదోషాలే అన్నావని నేను చదవకుండానే సరే కొట్టాను."

"ఎవరికీ ఏం కాలేదే!" అన్నాడు మేస్త్రీ. "ఒక్క ఫిర్యాదైనా రాలేదు. అనవసరంగా అందర్నీ హడలగొట్టడం ఎందుకని..." ఫోన్ వైపు తిరిగాడు. "అంటే ఏంటండీ, నన్ను బెదిరిస్తున్నారా?"

"లేదు సార్. బెదిరించేదాన్నయితే మొదటి రోజే బెదిరించేదాన్ని. ఇది జరిగినప్పుడు నాకు కోడ్ చదవడం కూడా రాదు. మీ ప్రోగ్రామ్‌లో ఏం జరిగిందో చూసుకోవడానికే రెండేళ్లు కూర్చుని నేర్చుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి మాట మీరు చెత్తబుట్టలో పడేస్తారని భయమేసింది. అందుకే ముందు ఎనిమిది నెలలు మీకు పని చేసి పెట్టాను."

"సరిచేశాం కదా! మూడేళ్ల తర్వాత ఆ వాక్యం ఎవరికి కావాలండీ?"



"ఆ నలభై ఐదు చుక్కలెక్కిన పాప బతికింది సార్. యంత్రం తప్పు చెప్పలేదు, నర్సే అంకె తప్పు కొట్టిందని విచారణలో మీ లాగ్ చూపించి ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ నర్సుని నేనే."