సగం దించిన షట్టర్

ఉదయం పదకొండింటికే గడియారాల మెకానిక్ షట్టర్ సగానికి దించేశాడు.

లోపల చల్లటి మసక చీకటి. గోడ నిండా రిపేరుకొచ్చిన గడియారాలు. ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ, దేని లోకంలో అది టిక్కు టిక్కుమంటోంది.

"ఏం నాయనా, కంటికి వెలుగు పడటం లేదా?" అన్నాడు బెంచీ మీది పెద్దాయన.

మెకానిక్ తల వంచి పనిలో పడ్డాడు. రెండు రోజులుగా కుడికన్ను మండిపోతోంది.

ఈ పెద్దాయన ఎవరో తెలీదు. దుకాణాన్ని బల్లతో సహా అద్దెకు తీసుకున్నప్పటి నుంచీ రోజూ వస్తున్నాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు. అది విప్పగా ఎవరూ చూడలేదు. రిపేరుకి ఏమీ ఇవ్వడు. గోడకి చేరగిలబడి, నిద్దట్లో పాట వింటున్నవాడిలా తనలో తనే నవ్వుకుంటాడు.

మధ్యమధ్యలో, "టైమెంతైంది నాయనా?" అంటాడు.

"ఏ గడియారం టైము కావాలి మీకు?" అని మెకానిక్ వేళాకోళం చేసేవాడు.

ఇవాళ వేళాకోళానికి ఓపిక లేదు. కంటికి బిగించుకునే భూతద్దాన్ని అలవాటుగా తూ అని ఉమ్మి తడి చేసి, చొక్కాకి తుడిచి పెట్టుకున్నాడు. పట్టకారు జారి కిందపడింది.

"ఇది మూడోసారి," అన్నాడు పెద్దాయన. "చూపు మసకేస్తోందా?"

"కళ్ళకలకేలెండి. ఊరంతా ఉంది."

"ఒక కన్నేనా, రెండూనా?"

"ఒకటే."

"దురదా, నొప్పా?"

"నొప్పే. ఒకటే పోటు."

పెద్దాయన నవ్వు మాయమైంది.

"కళ్ళకలకైతే దురద, నీళ్ళు, పుసి. చాలామందికి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. పోటు, మసక, వెలుగు చూడలేకపోవడం... వీటిలో ఏ ఒక్కటున్నా ఆగకూడదు నాయనా. నీకు మూడూ ఉన్నాయి. ఇవాళే కంటి డాక్టర్ దగ్గరికి పో."

"నాలుగు రోజులు చూద్దాం. చేతినిండా పనుంది. ఇంట్లో పాత చుక్కల మందు దొరికింది, అది వేస్తాలెండి," అంటూ మెకానిక్ సీసా మూత తిప్పాడు.

"అయ్యయ్యో, వెయ్యకు! ఎవరి మందో, ఎప్పటిదో! ఆ అద్దం కూడా కంటికి పెట్టకు!"

మెకానిక్‌కి తిక్క రేగింది.

"మీరేమైనా డాక్టరా? ఊసుపోక వచ్చి కూర్చుని నా బుర్ర తింటారేంటండీ? రేపట్నుంచి రాకండి!"

పెద్దాయన మెల్లగా లేచాడు.

"సరే నాయనా, రాను. నువ్వు మాత్రం వెళ్ళు."

గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గొడుగు బెంచీ మీదే ఉండిపోయింది.

గంట తర్వాత మెకానిక్ తలెత్తి, ఎడమకన్ను మూసి చూస్తే, గడియారాలన్నీ పాలల్లో మునిగినట్టు తెల్లగా కనిపించాయి. ఒక్కదానికీ ముళ్ళు లేవు.

ఈ కన్ను పోతే ఇంకేం పని చేసి బతకాలి? షట్టర్ పూర్తిగా దించేసి ఆసుపత్రికి పరిగెత్తాడు.

"నల్లగుడ్డు మీద పుండు," అంది కంటి డాక్టర్. "ఇవాళే వచ్చి మంచి పని చేశారు. ఇంకో రెండు రోజులు ఆగుంటే కన్ను దక్కేది కాదేమో. ఎవరు పంపారు?"

"ఒక పెద్దాయనండీ," అన్నాడు. పేరైనా అడగనందుకు సిగ్గేసింది.

చూపు కుదుటపడి దుకాణం తెరిచేసరికి మూడు వారాలైంది. గొడుగు దుమ్ము దులిపి బెంచీ మీద పెట్టాడు. పెద్దాయన రాగానే కాళ్ళ మీద పడాలనుకున్నాడు. అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, తలెత్తి చూసేవాడు.

నాలుగో రోజు ఒకావిడ వచ్చింది.

"ఆ గొడుగు మా నాన్నదండీ. పోయిన వారం నిద్రలోనే పోయారు."

మెకానిక్ గొడుగు తీసి ఆవిడ చేతికిచ్చాడు. కళ్ళు తుడుచుకోబోయి, కన్ను ముట్టుకోవద్దన్న డాక్టర్ మాట గుర్తొచ్చి చెయ్యి ఆపేశాడు.

"ఎంత చూపమ్మా ఆయనది! అంత దూరం నుంచే నా కన్ను చూసి చెప్పేశారు."

ఆవిడ బల్ల అంచుని వేళ్ళతో నిమిరింది.

"చూపెక్కడిదండీ! ఇరవై ఏళ్ళు ఈ బల్ల ముందే గడియారాలు బాగుచేసి, ఉన్న ఒక్క కంటికీ పోటొస్తే నాలుగు రోజులు చూద్దామని ఊరుకున్నారు. అప్పట్నుంచీ వీటి చప్పుడు వినడానికే ఇక్కడికొచ్చేవారు."