తెలివి పరీక్ష

"నా బిడ్డకు ఏం రాసిచ్చిన్రు సార్ మీరు?"

తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చి, మడతపెట్టిన కాయితాన్ని బల్ల మీద కొట్టింది ఉమ్రావ్ బేగం. సైకాలజీ లెక్చరర్ అమర్నాథ్ చేతిలోని చాయ్ తొణికి చొక్కా మీద పడింది. ఈమె డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఉమైరా తల్లి అని తెలియడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె చెప్పుకుంటూనే వచ్చింది.

"జర మెల్లగ మాట్లాడున్రి. ఇది కాలేజీ."

"కాలేజనే పంపిన. పదో తరగతి మార్కుల మీద మా ఉమైరాకు పోస్టాఫీసు నౌకరి వచ్చింది. మా ఖాందాన్ల మొదటి సర్కారు నౌకరి. నిన్న పోయి వద్దని రాసిచ్చి వచ్చింది. ఎందుకే అంటే మీ కాయితం చూపిస్తది."

అమర్నాథ్‌కు సంగతి అర్థమైంది. పీహెచ్‌డీ కోసం అతను నలభై మంది పిల్లలకు తెలివి పరీక్ష పెట్టి, మార్కుల కాయితాలు పంచి రెండు నెలలయింది. వాటిని పట్టుకుని ఇళ్ళలో ఇంత రభస చేస్తారని అతనేమైనా కలగన్నాడా? తప్పు తనవైపు ఉందని లోపల తెలుస్తూనే ఉంది, కోపం మాత్రం ఆమె మీదే వచ్చింది.

"నౌకరి మానమని నేను చెప్పలే గదా?"

"నోటితోటి చెప్పలే, రాసిచ్చిన్రు. దినమంత తలుపేసుకొని కూసుంటుంది. సరిగ తినదు, ఎవ్వలతోని మాట్లాడదు. పలకరిస్తే మీద పడ్తది. వాళ్ళ అబ్బాకు నేనేం జవాబు చెప్పాలె?"

"అది పరిశోధనమ్మా. మీకు అర్థం కాదు." అతను ఫైల్లోంచి ఒక పత్రం తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు. "చూడున్రి, ఇష్టపడే పరీక్ష రాసింది. ఇదిగో సంతకం."

"నౌకరి పోతదని ఇందుల రాసిన్రా?"

అమర్నాథ్ పత్రాన్ని మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు.

"పరిశోధన నాకు అర్థం కాదు. నౌకరి పోయింది మాత్రం అర్థమైంది. పొద్దుగాల షేర్ ఆటో పట్టుకొని ఝరాసంగం నుంచి వచ్చిన, ఊకనే పోను. ప్రిన్సిపాల్ సార్ రూం ఏడుంది? ఆడనే మాట్లాడుత."

ఈ గొడవ ప్రిన్సిపాల్ దాకా పోతే అతని నాలుగేళ్ళ పరిశోధన గంగలో కలిసినట్టే. ఆమె అప్పుడే తలుపు గడియ మీద చెయ్యి వేసింది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"ఆగున్రమ్మా. ఆ మార్కులు నిజం కాదు."

ఆమె చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.

"ఏంది?"

"పేపర్లు నేను దిద్దనే లేదు. చీటీలు తీసి, ఎవరికి ఏ చీటీ వస్తే ఆ మార్కులు రాసిన. మార్కులు చూసుకున్నంక మనిషి ఎట్ల మారుతడో తెలుసుకోవాలె గదా. నిజం ముందే చెప్తే ఎవరు మారుతరు?"

"ఎన్కకన్న చెప్పాలె గద సార్."

"చెప్పిన. తక్కువ వచ్చినోళ్ళందరిని పిలిచి, సమోసాలు పెట్టించి మరీ చెప్పిన. ఉమైరా ఆ దినం రాలేదేమో."

ఉమ్రావ్ బేగం వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడింది. అరుపులు ఆగిపోయాయి. గండం గడిచిందనుకున్నాడు అమర్నాథ్. మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు కూడా. ఆమె ముట్టలేదు.

"కసం తిని చెప్పున్రి. అబద్ధమేనా?"

"పచ్చి అబద్ధం. నా పిల్లల మీద ఒట్టు. ఇగ ఫికర్ చెయ్యకున్రి. ఇంటికి పోయి మీ బిడ్డకు చెప్పున్రి, సంతోషపడ్తది."

ఆమె మెల్లగా లేచింది. బల్ల మీది కాయితం మడతలు విప్పి, అతని వైపు తిప్పి పెట్టింది.

"నేను చెప్తే నమ్మదు, మీరే లేవున్రి సార్. నూటికి తొంభై ఎనిమిది వచ్చినయని నౌకరి ఇడిసి కలెక్టర్ చదువుకు కూసున్నది నా బిడ్డ, అవి చీటీల మార్కులని మీ నోటితోనే వచ్చి చెప్పున్రి."