పడిపోతున్న ప్యాకెట్లు

రాత్రి సర్వర్ గదిలో ఆమె ఒక్కతే ఉంది. మెషీన్లని కలిపే వర్చువల్ బ్రిడ్జి మీద ప్యాకెట్లు, అంటే సందేశపు తునకలు, చేరకుండానే పడిపోతున్నాయి. విప్పి చూస్తే అన్నింటిలోనూ ఆమె మెషీన్‌కి ఒకటే పలకరింపు: ఉన్నావా? పంపుతున్నది భర్త మెషీన్.

“బావగారు పోయాక ఆ మెషీన్ మీరే తీసేశారు కదక్కా,” అన్నాడు ఫోన్లో తోటి ఇంజినీరు. “ఏదో పాత చెత్త అయ్యుంటుంది. దారి మూసేసి ఇంటికెళ్లండి.”

“మూసే ఉందిరా. అందుకే పడిపోతున్నాయి.”

ఫోన్ పెట్టేశాక ఫ్యాన్ల హోరే మిగిలింది. ఆమెకి రాత్రి డ్యూటీ పడ్డప్పుడల్లా భర్త పక్క గది నుంచి ఇలాగే పలకరించేవాడు. జవాబు అందాకే లేచి ఇంటికి వెళ్లేవాడు.

దారి తెరిస్తే ఆమె మెషీన్ దానంతటదే జవాబిస్తుంది. తెరిచే కమాండ్ టైపు చేశాక వేలు ఎంటర్ మీద ఆగింది. జవాబు అందితే అతను వెళ్లిపోతాడు.

ఇంకో ప్యాకెట్ పడింది. ఆమె వేలు తీసేసి, కుర్చీని తెరకి దగ్గరగా జరుపుకుంది.