మైదానం మధ్య మోకాళ్లు

మూడో శనివారం కూడా రాజ్ మోకరించలేదు.

ఆట మొదలయ్యే ముందు, ఆ ఏడాదే వచ్చిన కోచ్ విట్లాక్ జట్టునంతా మైదానం మధ్యకు తీసుకెళ్లి ప్రార్థన చేయించడం ఆ కాలేజీలో కొత్త రివాజు. కుర్రాళ్లందరూ హెల్మెట్లు తీసి, గడ్డిలో మోకాళ్లూని, తలలు వంచారు. రాజ్ ఒక్కడే పక్క గీత దగ్గర నిలబడిపోయాడు. టీవీ కెమెరా కోచ్ మీద నుంచి మెల్లగా అతనివైపు తిరిగింది.

"పోయి ఆవుల్ని మొక్కుకో" అని స్టాండ్స్‌లో వెనక నుంచి ఎవరో అరిచారు. కొందరు నవ్వారు.

కింది వరసలో కూర్చున్న జగన్మోహన్ తిరిగి చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

రాజ్ అతనికి ఒక్కగానొక్క కొడుకు. ఇలినాయ్‌లోనే పుట్టి పెరిగాడు. అమెరికన్ ఫుట్‌బాల్లో ఎదుటివాణ్ణి ఢీకొట్టి పడగొట్టే ఒళ్లు కాదు వాడిది. బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్నే కికర్. వాళ్లుండే నేపర్‌విల్‌లో స్కూలు పార్కింగ్ లాట్‌లో మంచు పారతో తోసేసి, జగన్మోహన్ బంతిని వేలితో నిలబెట్టి పట్టుకుంటే వాడు తన్నేవాడు. గురి తప్పి తండ్రి వేళ్లు వాచిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు కాలేజీలో ఆఖరి సంవత్సరం. పెద్ద జట్లవాళ్లు వచ్చి చూసి వెళ్తున్నారు.

ఆ సోమవారం ఊరి పేపర్లో రాజ్ ఫొటో వేసి, కింద 'హిందూ కికర్' అని రాశారు. అలా రాసేముందు ఎవరూ ఇంటికి ఫోన్ చేసి అడగలేదు.

జగన్మోహన్ కొడుక్కి ఫోన్ చేశాడు. "కోచ్‌కి నేను ఒక్క మాట చెప్తానురా. దాంతో గొడవ తీరిపోతుంది."

"చెప్పొద్దు డాడీ. ప్రామిస్ చెయ్యి. అది చెప్పి తెచ్చుకునే ప్లేస్ నాకొద్దు."

జగన్మోహన్ మాట ఇచ్చాడు.

మర్నాడు కోచే అతన్ని ఆఫీస్‌కి పిలిపించాడు. కాఫీ ఇచ్చి, మర్యాదగానే మాట్లాడాడు.

"మీ దేవుళ్లంటే నాకు గౌరవమే సార్. మతం మార్చుకోమని నేనెవరినీ అడగను. కానీ జట్టన్నాక అందరిదీ ఒకే దారి. మీవాడు నిలబడుతుంటే జనం ఆటను వదిలేసి వాణ్ణే చూస్తున్నారు. వచ్చే శనివారం కూడా మోకరించకపోతే ఇక నేను ఆడించలేను."

జగన్మోహన్ నోరు తెరిచాడు. ఇచ్చిన మాట గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాడు. కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

శుక్రవారం పని మానుకుని కాలేజీకి డ్రైవ్ చేశాడు. హాస్టల్ ముందు కార్‌లోనే కూర్చుని మాట్లాడుకున్నారు.

"మోకాళ్లు వంచితే ఏం పోతుందిరా? పైకి వంచు. లోపల నీ ఇష్టం."

"కెమెరా మీద రెడ్ లైట్ వచ్చేదాకా ఆయన వెయిట్ చేస్తాడు డాడీ. లైట్ వచ్చాకే కళ్లు మూస్తాడు. నేను ప్రతి శనివారం దగ్గర నుంచి చూస్తున్నా. అది ప్రేయర్ కాదు."

"నాకు తెలుసు."

"తెలిసి కూడా చెయ్యమంటున్నావా? నువ్వు?"

జగన్మోహన్ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి కొడుకువైపు తిరిగాడు.

"అవున్రా, నేనే అడుగుతున్నాను. ఇన్నేళ్ల కష్టం ఇలా మట్టిలో కలిసిపోతుంటే చూడలేను. నాకోసం చెయ్యి."

రాజ్ తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. తర్వాత "ఓకే" అని, కారు తలుపు తీసుకుని దిగిపోయాడు.

శనివారం రాజ్ మోకరించాడు. అందరికంటే కిందికి తల వంచాడు.

స్టేడియమంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లు చాలాసేపు ఆగలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి జగన్మోహన్ భుజం తట్టారు. ఒక పెద్దావిడ అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ రోజు రాజ్ తన్నిన బంతి ఒక్కటీ గురి తప్పలేదు. జట్టు గెలిచింది. ఆట కాగానే కోచ్ అతన్ని పక్కకు లాక్కుని, టీవీవాళ్ల మైకు ముందు నిలబడ్డాడు.

"ఈ రోజు స్కోరు సంగతి నన్ను అడక్కండి" అన్నాడు కెమెరాలోకి చూస్తూ. "విగ్రహాలకు మొక్కే ఇంటి నుంచి వచ్చిన ఈ అబ్బాయి, ఇక్కడ ఈ గడ్డి మీద ప్రభువును తెలుసుకున్నాడు."

మైకును రాజ్ నోటి దగ్గర పెట్టారు. రాజ్ దాన్ని చూశాడు. స్టాండ్స్‌లో ఉన్న తండ్రిని చూశాడు. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని కూడా భక్తే అనుకుని జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

ఎప్పటిలాగే వారాంతానికి కొడుకును తీసుకుని ఇంటికి వచ్చే దారిలో అటూ ఇటూ కోత అయిపోయిన మొక్కజొన్న చేలు.

"బాగా ఆడావురా" అన్నాడు జగన్మోహన్.

రాజ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఆకలిగా ఉందా? ఎక్కడైనా ఆపనా?"

రాజ్ సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

ఇంట్లో తల్లి శాంతి అన్నం వడ్డిస్తే రెండు ముద్దలు తిని లేచాడు. మెట్లెక్కుతూ సగంలో ఆగాడు.

"రేపు నన్ను లేపొద్దు డాడీ."

"అలిసిపోయాడు పాపం, పడుకోనీండి" అంది శాంతి.

జగన్మోహన్ కంచంలోకి చూస్తూ తల ఊపాడు.

మర్నాడు తెలుగు చర్చిలో పాస్టర్ జగన్మోహన్ వాక్యం చెప్పడానికి లేచేసరికి, పసితనం నుంచీ ఒక్క ఆదివారమూ తప్పకుండా కొడుకు మోకరించే ముందు వరసలోని చోటు ఖాళీగా ఉంది.